అక్క బిళ్ళ

2007 ఏప్రిల్ 12

పండరి బావతో నా లగ్గం ఖాయమైంది. మే పదకొండు. ఆ తర్వాత అధికమాసం వస్తుందట, అందుకే ఇంత తొందర. నన్ను కన్న అవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూనే ఈ మాట చెప్పింది. నేను సరేనన్నాను. ఈ డైరీ ఎవరూ చదివేది కాదు కాబట్టి ఇంకోసారి రాసుకుంటున్నా: ఎవరూ బలవంతం చేయలేదు, నేనే సరేనన్నాను. సహజ కోసం. అక్క బిడ్డ, నాలుగేండ్ల పిల్ల. మా అక్క గంగామణి కాలువలో పడి పోయి ఏడాది దాటింది. పండరి బావ ఇంకెవరినో తెస్తే ఆ పిల్లను ఎవరు చూస్తారు?

"బావ మంచోడే," అంది అవ్వ.

"కాడని ఎవరన్నరు?" అన్నాను. అక్కడితో ఆ ముచ్చట ఒడిసింది.

సాయంత్రం వెండి పని చేసే అవుసల కాశీరాం తాత దుకాణానికి వచ్చాడు. శివరాం అన్న డీటీపీ సెంటర్లో నేను చేరి ఆరేండ్లు. పెళ్ళి కార్డులు, బీడీ కట్టల లేబుళ్ళు, రసీదు బుక్కులు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. తాత వచ్చింది అక్క బిళ్ళ కోసం. మా ఇండ్లలో రెండో పెళ్ళాంగా పోయేది, చనిపోయిన మొదటామె బొమ్మ ఉన్న వెండి బిళ్ళ మెడలో వేసుకున్నాకే పుస్తె కట్టించుకోవాలి. అర్ధరూపాయంత ఉంటుంది. నిలబడ్డ ఆడమనిషి, రెండు అరచేతులు మనవైపు, ఒక్కో మణికట్టుకు ఐదేసి గీతలు. అవి గాజులు. ముక్కూ నోరూ పెట్టరు. ముత్తయిదువగా పోయింది కాబట్టి గాజులు మాత్రం తప్పకూడదు.

"మా నాయిన అయితే వెండి రేకు కొట్టే అచ్చు చేత్తోనే చెక్కేటోడు," అన్నాడు తాత. "నాకు కండ్లు కనబడుతలేవు బిడ్డా. బోధన్ల మిషన్ ఉన్నది, ఇగ అచ్చు అదే కోస్తది. బొమ్మ మాత్రం కంప్యూటర్ల గీసి పంపాల్నట. నువ్వే గియ్యి. నీ అక్కనే గదా."

నా అక్కే. నా మెడకే. గీయాల్సింది కూడా నేనే. బాన్సువాడలో కంప్యూటర్ మీద బొమ్మ గీయడం వచ్చిన మనిషి ఇంకొకరు లేకపోవడం నా కర్మ.

ఏప్రిల్ 13

గీయలేదు. కార్డులు ఎక్కువున్నాయి.

ఏప్రిల్ 14

ఈ రోజు కార్డులు ఎక్కువ లేవు. అయినా గీయలేదు.

ఏప్రిల్ 16

గీశాను. గీశానంటే మామూలుగా కాదు, మంచిగా గీశాను. నాకు నచ్చిన కుంచె ఒకటుంది కంప్యూటర్లో. మొదలు సన్నగా, నడుమ లావుగా, చివర మళ్ళీ సన్నగా వస్తుంది గీత. అక్క కొంగు ఆ కుంచెతో వేస్తే గాలికి ఊగినట్టే వచ్చింది. కాసేపు చూస్తూ కూర్చున్నా.

నా సంబరం ఎంతసేపు! బోధన్ నుంచి మిషన్ నడిపే ఫూల్‌సింగ్ ఫోన్ చేశాడు. "మేడం, మాకు గా లావు, సన్నం ఏం సమజ్ కాదు. రంగులు వద్దు. ఉత్త గీత కావాలె. పీఎల్‌టీ ఫైలు చేసి పంపుండ్రి, మా మిషన్ అదొక్కటే తింటది."

చేసి చూస్తే ఏముంది, నా కుంచె గీత ఒక్కొక్కటి రెండు సన్నగీతలై కూర్చుంది. కొంగు కాస్తా నిచ్చెన అయింది. ఆ మిషన్‌కు తెలిసిందల్లా గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందనేదే. ఇట్లాంటి మొద్దు దానికోసం మనం మన చెయ్యి మార్చుకోవాలి. తిట్టుకుంటూ పూటంతా కూర్చుని అన్నీ ఒంటి గీతలుగా మళ్ళీ వేశాను.

ఎడమ చెయ్యి మొదట సరిగా రాలేదు. దాన్ని అట్లాగే ఉంచి, మీద తెల్లరంగు ముక్క ఒకటి కప్పి, దాని పైన కొత్త చెయ్యి గీశాను. ఐదు గాజులు. మా దుకాణంలో అందరం చేసే పనే ఇది. తుడిపేస్తే పక్క గీతలు చెడిపోతాయి, తెల్లముక్క వేస్తే ప్రింటులో ఎవరికీ కనబడదు.

నెట్ సెంటర్‌కు పోయి మెయిల్ చేసి వచ్చాను.

ఏప్రిల్ 19

ముందు నమూనా వచ్చింది. అచ్చు కోసే ముందు మిషన్‌కు పెన్ను తగిలించి కాగితం మీద గీయిస్తారట. బోధన్ బస్సు డ్రైవర్ తెచ్చి ఇచ్చాడు.

ఎడమ మణికట్టు మీద గాజులున్నాయి. గాజుల మధ్యలోంచి గుడ్డ చుట్లు నాలుగు, ఒక ముడి, ముడికి వేలాడే రెండు కొసలు కనిపిస్తున్నాయి.

శివరాం అన్న కాగితం చూసి నవ్వాడు. "తెల్లముక్క కప్పినవా చెల్లె? గా మిషన్‌కు రంగే తెల్వదాయె, ఇగ తెలుపెట్ల తెలుస్తది? కింద ఏ గీతలుంటే అవన్ని గీసుకుంట పోతది. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టున్నది నీ పని." తర్వాత నవ్వు ఆపి అడిగాడు. "ఇంతకూ చేతికి గా గుడ్డ ఏంది?"

"చెయ్యి సరిగ రాలేదన్నా. గంతే."

ఏప్రిల్ 20

కొత్త ఫైలు తెరిచి మొదటినుంచి గీశాను. తెల్లముక్కలు లేవు. రంగులన్నీ తీసేసి ఒట్టి గీతలే చూపే పద్ధతి ఒకటుంది, అట్లా పెట్టి రెండుసార్లు వెతికాను. కింద ఏమీ లేదు. చెయ్యి, ఐదు గాజులు, అంతే. పంపించాను.

ఏప్రిల్ 24

నమూనా మళ్ళీ వచ్చింది.

గాజులు లేవు ఈసారి. గుడ్డ మాత్రమే ఉంది. ముడి కొసలు పోయినసారి కంటే పొడుగ్గా ఉన్నాయి.

నా కోపం నషాళానికి ఎక్కింది. ఫోన్ చేసి దులిపేశాను. ఫూల్‌సింగ్ పాపం నెమ్మదిగానే మాట్లాడాడు. "మేడం, మీరు పంపిన్రు, నేను వేసిన. నాకు బొమ్మ గియ్యొస్తదా? గీస్తే ఈ మిషన్ కాడ ఎందుకుంట?" కొంచెం ఆగి, "చేతికి ఏమైంది మేడం ఆమెకు?" అన్నాడు.

పెట్టేశాను.

నా ఫైలు తెరిచి చూస్తే గాజులు గాజుల్లాగే ఉన్నాయి.

ఏప్రిల్ 25

పొద్దున ఆ ఫైలు వివరాలు చూశాను. ఎప్పుడు సేవ్ చేసింది అనే చోట తేదీ ఇట్లా ఉంది: 2006 మార్చి 9, మధ్యాహ్నం 3.40.

నేను గీసింది మొన్న ఇరవైన. శివరాం అన్నను పిలిచి చూపించాను. లోపల గడియారం బ్యాటరీ అయిపోతే తేదీలు తప్పుతాయన్నాడు. మిగతా ఫైళ్ళ తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి అన్నాను. "అయితే ఏమో మరి," అని కొత్త బ్యాటరీ వేసి భోజనానికి పోయాడు.

ఆ తేదీతో నాకు పనేమీ లేదు. బ్యాటరీ పాడైంది.

ఏప్రిల్ 28

బావ, సహజ వచ్చారు. లగ్గం చీర చూపించడానికి. అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. నేను చాయ్ పెడుతున్నా. పొయ్యి దగ్గరికి పిల్ల రానే రాదు, గడప బయటే నిలబడుతుంది. మంచి అలవాటే అనుకున్నాను.

నా సంచిలో నమూనా కాగితం ఉంది. సహజ ఎప్పుడు తీసిందో, కింద పరిచి, బోర్లా పడుకుని, బొమ్మ ఎడమ చేతి మీద నోరు పెట్టి ఊదుతోంది. ఉఫ్, ఉఫ్ అని.

"ఏంది బంగారూ?" అన్నాను.

"అమ్మకు మండుతుంది."

నా చేతిలో చాయ్ గిన్నె ఉంది. దించాలని కూడా తోచలేదు. బావ మంచం మీద నుంచి లేచి వచ్చాడు, కాగితం చూశాడు. మొఖం మారింది.

"కాలిన చెయ్యి ఎందుకేసినవ్?" అన్నాడు.

"మిషన్ తప్పు చేసింది బావా. సరి చేస్త."

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చాయ్ తాగకుండానే పోయారు. పిల్ల వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయింది.

ఏప్రిల్ 29

బొమ్మలో గుడ్డ ఉంది. కాలినట్టు బొమ్మలో ఎక్కడా లేదు.

మే 1

సరే, రాస్తాను. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడైనా రాయాలి.

పోయినేడు మార్చి తొమ్మిదిన అక్క దుకాణానికి వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటింది. ఉగాదికి ముందు లగ్గాలు మస్తుగా ఉన్నాయి, ఐదు కార్డులు ఆ సాయంత్రానికే ఇవ్వాలి. పన్నెండింటికి పోయిన కరెంటు అప్పుడే వచ్చింది, మళ్ళీ ఎప్పుడు పోతుందో తెలియదు. నేను తెర మీద నుంచి కండ్లు తిప్పలేదు.

"మంజులా, కొద్దిగ బయటికొస్తవా?" అంది.

"గిప్పుడా? చూస్తున్నవు గదా అక్కా."

పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎడమ చేతికి పాత చీర పేలిక చుట్టి ఉంది. ముడి సరిగా వేయలేదు, కొసలు కిందికి వేలాడుతున్నాయి. "ఏమైంది చేతికి?" అన్నాను, కార్డు మీద పెళ్ళికొడుకు తాత పేరు దిద్దుతూనే. "కాలింది," అంది. ఎట్లా అని నేను అడగలేదు. దేవుడా, ఎట్లా అని అడగలేదు నేను.

కాసేపటికి, "నేను గా ఇంటికి పోను. నీ దగ్గర్నే ఉంట కొన్నొద్దులు," అంది. నాకు విసుగొచ్చింది. ఎవరింట్లో లేవు కొట్లాటలు అనుకున్నాను. "రేపు మాట్లాడుదాం అక్కా. పిల్ల ఎదురు చూస్తుంటది, పో," అన్నాను. లేచి నిలబడింది. నా తల మీద చెయ్యి పెట్టబోయి తీసేసుకుంది. తెర మూలన గడియారం నాకు గుర్తే. మూడు నలభై.

తెల్లారి పదో తేదీ పొద్దున, బీర్కూర్ అవతల కాలువలో. బట్టలు ఉతకడానికి పోయి జారిందన్నారు. రాత్రి నవ్వుకుంటూ అన్నం తిన్నదన్నాడు బావ. నేను పోయేసరికి తెల్లగుడ్డ కప్పి ఉంచారు, మొఖం ఒక్కటే చూపించారు. అందరం ఏడ్చాం. అందరికంటే గట్టిగా నేనే ఏడ్చాను, ఎందుకో నాకొక్కదానికే తెలుసు.

మొదటి రోజు ఎడమ చెయ్యి సరిగా రాలేదని రాశాను కదా పైన. అబద్ధం. చివరిసారి చూసిన చెయ్యే నాకు వచ్చింది. అది ఉన్నదున్నట్టే వచ్చింది.

మొదటి ఫైలు సంగతి అది. రెండో ఫైల్లో మాత్రం నేను గుడ్డ గీయలేదు. ఒట్టు.

మే 3

ఒకవేళ తెలియకుండా నా చెయ్యే గీస్తోందేమో. అందుకని ఈసారి మౌస్ ముట్టలేదు. కాశీరాం తాత వాళ్ళ వాడకట్టులో ఒకామె దగ్గర పాత బిళ్ళ అడిగి తెచ్చాడు. డెబ్బై ఏండ్ల కిందట చచ్చిపోయిన ఎవరో ఆమెది. దాన్ని స్కాన్ చేసి, శివరాం అన్నే దాని మీద గీతలు దిద్దాడు. నేను రెండు గజాల దూరంలో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఏందో చెల్లె, నీ ఫికర్ నాకు సమజైతలేదు," అన్నాడు. రెండు చేతులు, పది గాజులు. గీతలు లెక్కపెట్టుకున్నాం. మెయిల్ కూడా తనే చేశాడు. టైం లేదు కాబట్టి నమూనా వద్దు, నేరుగా అచ్చు కోసేయమని చెప్పాడు.

అక్కది కాని బొమ్మ అక్క పేరు మీద నా మెడలో పడుతుంది. పడనీ. లగ్గం ఒక్కటి దాటితే పిల్లను నా కండ్ల ముందు పెట్టుకుంటాను. అది చాలు.

మే 6

బావ దుకాణానికి వచ్చాడు, ఒక్కడే. శివరాం అన్న బ్యాంకు పని మీద పోయాడు. అక్క కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"బిళ్ళ లేకుండనే కానిద్దాం మంజులా. ఇవన్ని పాతకాలం ముచ్చట్లు. ఈ రోజుల్ల ఎవరేస్తుండ్రు?"

"మీ అమ్మనే కావాలన్నది గదా బావా."

"అమ్మకు నేను చెప్త." కాసేపు టేబుల్ మీద వేలితో కొట్టాడు. "నూనె చిందింది గామెకు. మిర్చిలు వేస్తుంటే. గంతే."

నేను అడగలేదు. ఏమీ అడగకుండానే చెప్తున్నాడు. "కాలిన చేత్తోని బట్టలు ఉతకనీకి పోయిందా బావా?"

నన్నే చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అందుకే నాకు భయమేసింది. లేచి చెప్పులు వేసుకుంటూ, "పిల్ల నా దగ్గరున్నది. గది యాద్‌పెట్టుకో," అన్నాడు. "పదకొండో తారీఖు పొద్దుగాల బండి పంపిస్త."

నేనేమీ అనలేదు. మళ్ళీ ఏమీ అనలేదు నేను.

మే 7

అన్నం పోలేదు. లగ్గం వద్దంటే సహజ అక్కడే ఉండిపోతుంది. అవునంటే నేనూ అక్కడే ఉంటాను. ఎటు తిప్పినా ఆ ఇల్లే.

మే 8

బిళ్ళ వచ్చింది.

పొద్దున పదకొండింటికి కాశీరాం తాత ఇంటికే తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "అచ్చు ఎట్లొచ్చిందో అట్లనే కొట్టిన బిడ్డా. నాకు సరిగ కనబడది, వేలు పెట్టి తడిమితే తెలిసింది. మళ్ళ కొడదామని రేకు మార్చి చూసిన, మళ్ళ గట్లనే లేచింది," అని నా చేతిలో పెట్టి పోయాడు. ఎండలో కర్ర పొడుచుకుంటూ పోతున్నవాడు ఒకసారి ఆగి, మళ్ళీ నడిచాడు.

బిళ్ళ చుట్టిన కాగితం విప్పాను. గాజులు ఒక్కటీ లేవు. పది గాజులు లెక్కపెట్టి పంపాం, ఒక్కటీ లేదు. ఎడమ మణికట్టుకు గుడ్డ, ముడి, కొసలు. కుడి మణికట్టుకు కూడా గుడ్డ, ముడి, కొసలు.

నాకు మొదట నవ్వొచ్చింది. సిగ్గు లేకుండా రాస్తున్నా, నవ్వొచ్చింది. ఇంతకాలం భయపడింది దీనికా అనుకున్నాను. అక్క కుడి చేతికి గుడ్డ లేదు కదా. ఇది మిషన్ తప్పే. ఒక వైపుది రెండో వైపుకు తిప్పి వేయడం మా పనిలో రోజూ చేసేదే, అట్లా ఏదో అయింది. అక్క కాదు, ఎవరూ కాదు, ఉత్త మిషన్. అంత ధైర్యం వచ్చింది కాబట్టే అవ్వకు చూపించాను.

అవ్వ బీడీలు చుడుతోంది. చేతులు తుడుచుకుని బిళ్ళ తీసుకుంది, వెలుతురుకు పెట్టి చూసింది. చాట ఒళ్ళోంచి జారి తంబాకు అంతా నేల మీద పడింది. మా అవ్వ తంబాకు రవ్వ కూడా కింద పడనీయదు. ఎత్తుకోనే లేదు.

"కుడి చెయ్యి సంగతి నీకెట్ల తెలుసు?" అంది.

"కుడి చెయ్యి ఏంది అవ్వా? కాలింది ఎడమ చెయ్యి. నాకు తెలుసు. అక్క గా రోజు నా దగ్గరికి దుకాణానికి వచ్చింది. నేనే పొమ్మన్న." ఏడాది నుంచి నోట్లో పెట్టుకున్న మాట ఇట్లా, ఇంత తేలిగ్గా బయటికి వచ్చింది.

అవ్వ నన్ను చూడలేదు. బిళ్ళనే చూస్తోంది.

"నా దగ్గరికి ముందొచ్చింది బిడ్డా. పొద్దుగాల్నే. నాకు కుడి చెయ్యి చూపింది. రెండోది కొంగు కిందనే పెట్టుకున్నది. 'పొయ్యిల పెట్టించిండే అవ్వా' అన్నది. నేను ఆముదం రాసి, గుడ్డ కట్టి, 'ఆడిదానివి, సర్దుకపోవాలె' అన్న. అన్నం కలిపి నోట్లె పెట్టి బస్టాండు కాడిదాక తోలొచ్చిన. మూడింటిదాక గాడనే కూసున్నదేమో పిచ్చిది. అటెన్క నీ దగ్గరికి వచ్చినట్టున్నది."

నేను గుర్తు చేసుకుంటున్నా. దుకాణంలో అక్క కుడి చెయ్యి చూశానా? చూడలేదు. కూర్చున్నంతసేపు కొంగు కిందనే ఉంది. హోటల్ నుంచి వచ్చిన చాయ్ గుడ్డ కట్టిన ఎడమ చేత్తోనే పట్టుకుని తాగింది, నేను అదీ పట్టించుకోలేదు. రెండు చేతులు కాలిన మనిషి బట్టల మూట ఎత్తుకుని కాలువకు పోదు. మాకిద్దరికీ చెరో చెయ్యి చూపించింది. ఎవరమూ రెండో చెయ్యి అడగలేదు.

అవ్వ ఏడవలేదు. ఆమెకు ఏడుపు రానందుకు నాకు భయమేసింది. "తెలిసి తెలిసి నిన్ను గూడ గా ఇంటికే తోలబోయిన," అంది. "పిల్ల ఆగమైతదని. నేను తల్లినేనా?"

"నాకు తెలిసే సరేనన్న అవ్వా," అన్నాను. అదీ నిజమే.

అవ్వ లేచింది. బీడీ కట్టలు కట్టే దారం ఉండ తీసి, మూరెడు తెంపి, బిళ్ళకున్న రంధ్రంలోంచి దూర్చి, తన మెడకే కట్టుకుంది. ముడి నన్ను వేయమంది. గట్టిగా వేశాను. నాయిన పోయినప్పటి నుంచి బోసిగా ఉన్న మెడ అది.

"లగ్గం లేదు," అంది. "పొద్దుగాల మొదటి బస్సుకు ఆళ్ళూరికి పోదాం. పిల్లను ఇయ్యకపోతే ఊరి నడుమ నిలబడి చెప్త. నాకు చూపిన చెయ్యి నేను చెప్త, నీకు చూపింది నువ్వు చెప్పు."

సరేనన్నాను. శివరాం అన్నకు రేపు దుకాణానికి రానని ఫోన్ చేశాను.